గింజకు ముందు గడువు

బక్రీదు సమీపించుకొలదియు జంషెడ్‌పూరులోని మాంగో, జుగ్సలాయి వీధులలో గడపగడపకు ఒక ఖస్సీ, అనగా విత్తుకొట్టిన మేకపోతు, కట్టబడి కనిపించును. మకరసంక్రాంతినాటి టుసు పండుగకు దల్మా కొండల దిగువ పల్లెలలోను అదియే సందడి. గోవధ నిషిద్ధమైన ఈ ఝార్ఖండ్ రాష్ట్రమున మాంసముకొరకు బలుపు నెమరువేయు జంతువులలో ప్రధానమైనది బ్లాక్ బెంగాల్ మేకయే. ఆ బలుపుటయను విద్యను నేను చిరకాలముగా శ్రద్ధతో గమనించుచున్నాను.

మేక తిన్నదంతయు మొదట చేరునది పెద్దపొట్ట. ప్రాణవాయువు చొరని ఆ చీకటిలో ఒక్క మిల్లీలీటరు ద్రవమునందే వేయికోట్ల మేరకు బాక్టీరియా నివసించును. గడ్డిలోని సెల్యులోజును జీర్ణించు శక్తి మేకకు స్వతస్సిద్ధముగా లేదు. ఆ పనిని బాక్టీరియా చేసి వెలువరించు ఆమ్లములను పీల్చుకొని మేక బ్రతుకును.

ఆకులు మేసి పెరిగిన మేకను సంతనుండి తెచ్చి, పండుగలోపల బరువెక్కవలెనను ఆతురతతో ఆనాడే మొక్కజొన్నయు గోధుమయు గంపెడు పోసినచో, పిండిపదార్థముపై పెరుగు స్ట్రెప్టోకోకస్ జాతి గంటలలో విజృంభించి లాక్టిక్ ఆమ్లమును నింపివేయును. దానిని హరించు మెగాస్ఫేరా వంటివి అప్పటికింకను కొలదిగనే యుండును గనుక, ఆరునకును ఏడునకును నడుమ నుండవలసిన పీహెచ్ అయిదునకు దిగువకు జారును, గడ్డిని జీర్ణించు బాక్టీరియా నశించును, రక్తములోని నీరు పొట్టలోనికి లాగబడును. అట్టి మేకను చూచినవారు మరువజాలరు: నెమరు నిలిచిపోవును, పండ్లు కొరుకును, ఎడమ డొక్కపై అరచేయి నొక్కిన లోపల నీటితిత్తివలె కదలాడును, పుల్లని వాసనతో విరేచనమగును, కన్నులు గుంటలు పడును, ఒకటి రెండు దినములలో ప్రాణము పోవుటయు కలదు. పెండ్లివిందులో మిగిలిన అన్నమును ప్రేమతో పెట్టిన ఇండ్లలోను ఇట్లే జరుగుట చూచి నేను మిక్కిలి దుఃఖించితిని.

పశువైద్యులు వంటసోడా నీటిని త్రాగించుటయే గాక, ఆరోగ్యవంతమైన పశువు పెద్దపొట్టలోని ద్రవమును తీసి రోగికి పోయుదురు. ఒక జీవిలోని బాక్టీరియా మరియొక జీవిని నిలబెట్టుననుటకు సుబాబులు చెట్టు కథ గొప్ప సాక్ష్యము. 1980వ దశకములో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్, ఆ ఆకు మేసి జబ్బుపడుచున్న తమ దేశపు పశువులకు, దానినే నిరపాయముగా మేయు హవాయి మేకల బాక్టీరియాను సంక్రమింపజేయగా, ఆకులోని విషము పశువులను బాధింపదయ్యెను. ఆ బాక్టీరియాకు తరువాత ఆయన పేరనే సినర్జిస్టిస్ జోన్సియై అని నామకరణము చేసిరి.

అయినను చికిత్సకన్న, పొట్టలోని బాక్టీరియా గింజకు అలవడునంతటి గడువును ముందే యిచ్చుట మేలు. మన ఒంగోలు పశుజాతియే బ్రెజిలు చేరి నెలోరె అను పేర అచ్చటి గొడ్డుమాంస పరిశ్రమకు మూలస్తంభమైనది. ఆ దేశపు బలుపు దొడ్లలో పశువులను గింజకు అలవాటు చేయునప్పుడు రెండు మూడు వారములు మెట్లు మెట్లుగా మేత మార్చుట పద్ధతి. లాభమే పరమార్థమైన అంతటి వ్యాపారమునకే తప్పని గడువును గడపలోని ఒక్క మేకకు నిరాకరించుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

కావున మేకను కొనువారికి నా మనవి: పండుగకు నెల ముందుగా తెచ్చుకొనుడు, గింజను మొదటినాడు పిడికెడుతో ఆరంభించి రెండు వారములపాటు మెల్లగా పెంచుడు, పీచు గల మేతను నమలుటచేతనే లాలాజలము విరివిగా ఊరును, అందలి క్షారమే ఆమ్లమునకు విరుగుడు గనుక, గడ్డిని తొట్టినుండి ఎన్నడును తొలగింపకుడు, విందులో మిగిలిన అన్నమును మేకకు పెట్టకుడు.