కాగితం గొర్రెల మంద

నాలుగేళ్ల బిడ్డ చేతికి పాత దినపత్రిక ఇచ్చి గొర్రెను చెయ్యమనండి. పెన్సిల్ ఇవ్వొద్దు, కత్తెర ఇవ్వొద్దు. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు చాలు. పరపరా చింపుతుంది. చింపిన అంచు నున్నగా ఉండదు, పీచు తేలి ఉంటుంది. ఆ పీచే గొర్రె బొచ్చు. గోరంత ముక్కలను ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేలా అతికిస్తూ పోతే అట్ట మీద ఉబ్బెత్తుగా ఒళ్లు తయారవుతుంది. నల్ల కాగితంతో మొహం, నాలుగు పీలికలతో కాళ్లు పెడితే గొర్రె లేచి నిలబడుతుంది. ఏ యంత్రమూ కొయ్యలేని అంచు అది! చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. కాగితపు అతుకుబొమ్మ అంటే పిల్లలకు పొద్దుపోవడానికి ఇచ్చే పని అనుకునేవాళ్లు ఆ బిడ్డ వేళ్లను పది నిమిషాలు గమనిస్తే చాలు, మాట మార్చుకుంటారు.

ఈ పనికి డోన్ ప్రాంతాన్ని మించిన చోటు నాకు కనబడదు. గుంటూరు నుంచి, సికింద్రాబాద్ నుంచి, గుంతకల్లు నుంచి పట్టాలు వచ్చి కలిసే జంక్షన్ ఇది. పాత పేరు ద్రోణాచలం. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది. ఊరు దాటితే రాతినేల, మెట్టచేలు, మేత ఎక్కడుంటే అక్కడికి మందను తోలుకుపోయే కురువలు. ఇక్కడి పిల్లలకు గొర్రె ఎలా నిలబడుతుందో, మేక ఎలా ముంగాళ్లెత్తి తుమ్మకొమ్మ అందుకుంటుందో ఎవరూ నేర్పనక్కర్లేదు. అది కళ్లలోనే ఉంటుంది. దాన్ని వేళ్లలోకి దించడమే అతుకుబొమ్మ చేసే మేలు.

ఇటువైపు ఒక పల్లె అంగన్‌వాడీలో ఐదేళ్ల పిల్లవాడొకడు గొర్రె తలను తెచ్చి కాళ్ల దగ్గర, నేల గీతను ఆనించి అతికించాడు. పొరపాటు చేశాడనుకుని సర్దబోయింది టీచరమ్మ. వాడు చెయ్యి అడ్డం పెట్టి, “మేస్తాంది గదా టీచర్!” అన్నాడు. ఆ గొర్రె నిజంగానే మేస్తోంది. మెడ వంపు లేకపోయినా, మూతి గడ్డిలో ఉంది. పెద్ద చిత్రకారులు ఏళ్ల తరబడి వెతుక్కునే భంగిమను ఆ పసివాడు ఒక్క అతుకుతో పట్టేశాడు. ఆ బొమ్మకు నేను ఏ బహుమతైనా ఇస్తాను.

పని తీరు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేలిగ్గా కనిపించే ఈ పనిలో చాలా ఒడుపు ఉంది. మొదటిది చింపడం. దినపత్రికను నిలువునా చింపి చూడండి, చీలిక తిన్నగా దిగుతుంది. అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు దానిలోని పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుంటుంది, అందుకని. కాళ్లకు, తోకకు, కొమ్ములకు నిలువు చింపు. బొచ్చుకు, జూలుకు, గడ్డికి అడ్డ చింపు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పకూడదు. రెండు పేజీలు పాడయ్యేసరికి వాళ్లే కనిపెట్టి పక్కవాళ్లకు చెబుతారు. నల్ల గొర్రె కావాలంటే పత్రికలో ముదురు ఫోటోలున్న పేజీ వెతుక్కుంటారు. తెల్ల పొట్ట కావాలంటే అక్షరాలు లేని అంచులు ఏరుకుంటారు. రంగు కాగితం కొనే అవసరం సగం తీరిపోతుంది.

రెండోది వరుస. యాగంటి బసవన్నను చూసిన పిల్లలకు ఎద్దు బొమ్మంటే మహా ఇష్టం. ఆ నంది ఏటేటా పెరుగుతోందని ఇక్కడివాళ్ల నమ్మకం కదా, పిల్లలు తమ ఎద్దును అట్ట పట్టనంత పెద్దది చేస్తారు. చెయ్యనివ్వండి. ఎద్దుకు అవతలివైపు కాళ్లు రెండూ ముందు అతకాలి. తర్వాత తోక. ఆ రెంటి మొదళ్లూ కప్పేలా ఒళ్లు. ఒంటి మీద మనవైపు కాళ్లు. ఆపైన మూపురం, మెడ కింద గంగడోలు, తల, కొమ్ములు, చెవి. కన్ను ఆఖరుకు. దూరంగా ఉన్నది ముందు, దగ్గరగా ఉన్నది తర్వాత అనే ఈ క్రమం చిన్న సంగతి కాదు. ఏది దేని వెనక ఉందో, దేన్ని కప్పుతోందో మనసులో చూసుకుంటే తప్ప బిడ్డ తర్వాతి ముక్క చేతిలోకి తీసుకోలేదు. పలక మీద ఎన్ని లెక్కలు చేయించినా ఈ చూపు రాదు.

చెవికి మొదలు దగ్గర మాత్రమే జిగురు రాయాలి. కొస వదిలేస్తే చెవి పైకి లేచి నిలబడుతుంది, గాలి తగిలితే ఆడుతుంది. గంగడోలుకూ అంతే, పైఅంచు అతికి కింద వదిలెయ్యాలి. నల్ల మేకను గోధుమరంగు అట్ట మీద అతికిస్తే కళ్లకు ఆనదు. లేత పసుపు మీదో, పాత క్యాలెండర్ వెనక తెలుపు మీదో పెట్టాలి. నేల రంగు ముందు తేల్చుకున్నాకే జంతువు రంగు. ఇది పట్టించుకోక పాడైన మంచి బొమ్మలు ఎన్నో.

జిగురు దగ్గర నాకు పట్టుదల ఉంది. బజారులో దొరికే జిగురు గొట్టాలు నాకు సరిపడవు. మైదాపిండిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉడికిస్తే కాస్త పారదర్శకంగా చిక్కబడుతుంది. రెండు రోజులకు పులుస్తుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే. గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లల జిగురులో దాని పేరే ఎత్తకూడదు. ఇంకా మేలైనది చింతగింజల జిగురు. గింజలు వేయించి, పొట్టు తీసి, పొడి చేసి, నీళ్లలో ఉడికిస్తే వచ్చేది. కొండపల్లి బొమ్మల పనివాళ్లు రంపపు పొట్టుతో కలిపి బొమ్మ అతుకులు నింపేది దీంతోనే. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు పూసేదాంట్లోనూ ఇది ఉంటుంది. కంబళి నేసే కురువలు ఉన్ని పోగుకు గంజి పెట్టేదీ దీంతోనే. అంటే అసలు గొర్రె ఉన్నికి పట్టించే జిగురుతోనే మన బిడ్డ కాగితం గొర్రెకు బొచ్చు అతికిస్తోంది. ఇంతకంటే పొందిక ఏముంటుంది?

జిగురు ఎప్పుడూ ముక్క వెనక రాయాలి, అట్టకు కాదు. అంచులకు పలచగా, నడుమ ఒక చుక్క. ఎక్కువైతే పత్రిక కాగితం నాని ముడుచుకుపోతుంది. పాతగుడ్డతో నడుమ నుంచి అంచులకు ఒత్తి, తడి ఆరాక పైన పుస్తకం, దాని మీద నాపరాయి ముక్క పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. నాపరాళ్ల బేతంచెర్ల పక్కనే ఉండగా ఇక్కడ రాయికి కరువా?

ఇక కత్తెర. ఐదేళ్లు దగ్గరపడ్డాక మొద్దుమొన కత్తెర ఇవ్వొచ్చు. బొటనవేలు ఎప్పుడూ పైకి ఉండాలి. గుండ్రంగా కత్తిరించేటప్పుడు కత్తెర ఉన్నచోటే ఉండాలి, రెండో చేత్తో కాగితాన్ని తిప్పాలి. పెద్దవాళ్లలోనే చాలామందికి ఈ ఒడుపు తెలియదు. పోలెండ్‌లో వోవిచ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పల్లె ఆడవాళ్లు రంగురంగుల కాగితాలను పొరలు పొరలుగా అతికి కోడిపుంజులు, నెమళ్లు చేస్తారు. పుంజు ఈకలో ఒక్కో పొర ఒక్కో రంగు, అంచు చూస్తే వెంట్రుకంత సన్నం. ఆ పనికి పాతరోజుల్లో వాళ్లు వాడింది గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరలు! అంత మోటు కత్తెరతో అంత నాజూకు పని చేసిన చేతులకు దండం పెట్టాలి. మన కురువల ఇళ్లలోనూ ఆ జాతి కత్తెరలు వేలాడుతున్నాయి.

కాగితం చైనాలో పుట్టిందంటారు, కాగితపు కత్తిరింపూ అక్కడి నుంచే వచ్చిందంటారు. చిన్నపిల్లల బడిలోకి మడతలను, కత్తిరింపులను తెచ్చినవాడు జర్మనీ గురువు ఫ్రోబెల్. 1837లో ఆయన పెట్టిన బడే తర్వాత కిండర్‌గార్టెన్ అయింది. మన దగ్గర 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం మాట ఎత్తినప్పుడు చేతిపనిని చదువుకు నడుమ నిలబెట్టాడు. చరిత్ర గురించి ఇంతకంటే చెప్పాలని నాకు లేదు. నాకు చెప్పాలని ఉన్నది పనివాళ్ల గురించి.

ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్‌ను తీసుకోండి. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక నిలబడి బొమ్మలు వేసే ఓపిక తగ్గింది. సహాయకులు రంగు పూసి ఇచ్చిన కాగితాలను కత్తిరించడం మొదలుపెట్టాడు. 1953లో, చావుకు ముందు ఏడాది, ‘నత్త’ అనే బొమ్మ చేశాడు. నిలువూ అడ్డమూ దాదాపు తొమ్మిదిన్నర అడుగులు. పది పన్నెండు రంగు ముక్కలు సుడి తిరిగి ఉంటాయి, కొన్నింటి అంచులు చింపినవే. ఎనభై మూడేళ్ల ఆ మహానుభావుడు చివరికి చేరుకున్నది నాలుగేళ్ల పిల్లల పనికే. లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉంది ఆ నత్త. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1950ల్లో ఆపరేషన్ వికటించి చూపు పూర్తిగా పోగొట్టుకున్నాడు. చూపు లేని ఆ మనిషి వేళ్లతో తడిమి కాగితం కత్తిరించి అతుకుబొమ్మలు చేశాడు. సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద సినిమా తీశాడు. వేళ్లకు కళ్లుంటాయని ఆయన చూపించాక, ఈ పనిని పిల్లాట అని ఎవరైనా ఎలా కొట్టిపారేస్తారు?

ఇంత దూరం ఎందుకు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు చొరబడేంత పలచగా చేసి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా కోసి, దారంతో కీళ్లు కట్టి ఆడించే తోలుబొమ్మలు వాళ్లవి. నగలన్నీ ఉలితో పొడిచిన రంధ్రాలే. హనుమంతుడి తోక ఊగితే తెర అంతా ఊగుతుంది. కాగితం ఎద్దుకు కాళ్లు విడిగా చేసే బిడ్డ చేస్తున్నది అదే పనికి మొదటి మెట్టు. రాయలసీమలో పుట్టిన బిడ్డకు ఈ వారసత్వం ఇంటిదే.

మరి బడుల్లో ఏం జరుగుతోంది? ‘ప్రాజెక్ట్ వర్క్’ అని ఇంటికి చీటీ వస్తుంది. జంతువుల చార్టు తెమ్మంటారు. నాన్న సాయంత్రం ఫ్యాన్సీ షాపుకు వెళ్తాడు. అక్కడ అచ్చేసిన సింహం, జిరాఫీ, పెంగ్విన్ స్టిక్కర్ల షీటు సిద్ధంగా ఉంటుంది. అమ్మ రాత్రి కూర్చుని అంటిస్తుంది. బిడ్డ అప్పటికే నిద్రపోయి ఉంటుంది. మర్నాడు గోడ మీద ముప్పై చార్టులు, ముప్పై సింహాలు, అన్నీ ఒకే మొహంతో. వాటికి మార్కులు వేస్తారు! ఎవరి చేతికి వేశారు ఆ మార్కులు? ఫోమ్ షీటు మీద ముందే కోసిపెట్టిన ఏనుగు ముక్కలు అమ్ముతారు, అంకె మీద అంకె పెట్టి అంటించడమే పని. ఆ ఏనుగులో బిడ్డది ఏమీ లేదు. ఇంకొందరు టీచర్లు గీత గీసి ఇచ్చి, గీత దాటితే కసురుకుంటారు. చింపడం మురికి పని అంటారు. నేను చింపేవాళ్ల పక్షం, దాచుకోను. చింపిన చేతికి కత్తెర తర్వాత తేలిగ్గా వస్తుంది. అచ్చు గీత మీద కత్తెర పట్టి మొదలైన చేతికి ఆ గీత లేకపోతే తోచదు.

పెంగ్విన్ మీద నాకు కోపం లేదు. డోన్ బిడ్డ చూడని జంతువును చెయ్యాలనుకుంటే దానికీ ఇక్కడే దారి ఉంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించినప్పుడు పాతకాలపు జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఖడ్గమృగానివీ ఉన్నాయి, దానికి శాస్త్రవేత్తలు కర్నూలు పేరే పెట్టారు. మన నేల మీద తిరిగిన ఖడ్గమృగాన్ని ముతక గోనెరంగు కాగితంతో, ముడతలు పెట్టి అతికించమనండి. పిల్లలు ఎంత ఉత్సాహంగా చేస్తారో! రోళ్లపాడు గడ్డిమైదానాల్లో కృష్ణజింక ఉంది, మెలి తిరిగిన దాని కొమ్ములకు కాగితం పీలికను పెన్సిలుకు చుట్టి వదిలితే చాలు. వాటిని వదిలేసి ఎవరో అచ్చేసిన సింహాన్ని అంటించడం ఈ పిల్లలకు చేస్తున్న అన్యాయం.

అంగన్‌వాడీ టీచరమ్మలకు నా మనవి: వారంలో ఒక పూట పిల్లలకు పాత కాగితాలు ఇవ్వండి, నమూనా ఇవ్వకండి. ఐదు కాళ్లు అతికిస్తే లెక్క సరిచెయ్యకండి, ఎందుకని అడగండి. బడి పెద్దలారా, అచ్చు స్టిక్కర్ల చార్టులకు మార్కులు వెయ్యడం ఈ ఏడాదితో ఆపండి. అమ్మానాన్నలు చెయ్యాల్సింది ఇంకా తక్కువ. పెళ్లిపత్రికలు, పాత క్యాలెండర్లు, దినపత్రికలు పాతసామాన్లవాడికి వెయ్యబోయే ముందు ఒక కట్ట పక్కన పెట్టండి. గరిటెడు మైదా ఉడికించి గిన్నెలో పెట్టి, బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. ముక్క మీరు అతికించకండి.