వణుకు పసిగట్టే చేయి

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఆ పాత పెట్రోలు బండిలోనే డీజిల్ ఇంజన్ వేయించి నడుపుకున్నవాళ్లు మనవైపు ఎందరో. ఇంజన్ మార్చాక బండి వణికితే, నెల్లూరులో మంచి మెకానిక్ ముందే పానా పట్టడు. బండి నిలబెట్టి రేజ్ ఇస్తాడు. అప్పుడూ అదిరితే లోపం ఇంజన్ వైపే. రోడ్డు మీద వేగం అందుకుంటేనే అదిరితే ప్రొపెల్లర్ షాఫ్టు, చక్రాలు చూడాలి. క్లచ్ తొక్కగానే తగ్గితే క్లచ్ ప్లేటునో గేర్‌బాక్సునో అనుమానిస్తాడు. తర్వాత ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తాడు. ఏది వదిలినప్పుడు శబ్దం మారదో, ఆ సిలిండర్ పనిచేయనట్టే. మౌంటింగ్ రబ్బర్ల దగ్గర టార్చి వేసి, ఉప్పుగాలికి తుప్పుపట్టిన బ్రాకెట్‌ను వేలితో తడిమి చూపిస్తాడు. సామాను మార్చేముందు కారణం వెతికే ఈ ఓపికే అసలు పనితనం. అలాంటి మనిషి దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.