తోలు కట్టిన గంట

చర్చి గంటలు మోగించడం నేర్చుకుంటున్నానంటే, ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లే ‘తాడు లాగడానికి నేర్చుకునేదేముంది?’ అంటారు. చాలా ఉంది. ఇక్కడి గంట ఊరికే ఊగదు. నోరు పైకెత్తి నిలబడుతుంది, తాడు లాగితే దాదాపు పూర్తి చుట్టు తిరిగి మళ్లీ నిలబడుతుంది. తాడుకున్న ఉన్ని పట్టును లాగితే ఒక దెబ్బ, తాడు కొసను లాగితే వెనక్కి తిరుగుతూ రెండో దెబ్బ.

నవంబరు రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రోజు. దానికోసం గంటలకు ‘మఫిల్’ కడతాం. ముందు గంటల్ని నోరు కిందికి వచ్చేలా దించాలి. ఆపైన మోకాళ్ల మీద గంట కిందికి దూరి, నాలుక చివరి ఇనుప గుండుకు ఒకవైపు మందపాటి తోలుబిళ్ల పెట్టి పట్టీలు బిగించాలి. కట్టాక గట్టిగా గుంజి చూడాలి. వదులుగా ఉంటే మోగుతుండగానే బిళ్ల పక్కకు జారుతుంది, రెండో దెబ్బ కూడా ఖంగుమంటుంది. ఆ పూట అది వినలేం.

ఈ మఫిల్‌కు మూలం ఫ్రెంచి ‘మూఫ్ల్’ అంటారు. వేళ్లు విడివిడిగా లేని దళసరి చేతితొడుగు అది. ఇంగ్లిషులో మొదట బట్ట చుట్టి కప్పడమనే అర్థమే ఉండేది. శబ్దాన్ని అణచడమన్న అర్థం తర్వాత చేరింది. చలికాలంలో మనం మెడకు చుట్టుకునే మఫ్లరూ, అమెరికాలో కారు సైలెన్సర్‌ను పిలిచే మఫ్లరూ ఈ ఇంటివే.

ఒకవైపే కట్టిన గంట గొప్పతనం వింటేనే తెలుస్తుంది. మొదటి వరుస స్పష్టంగా మోగుతుంది. వెంటనే అదే వరుస, అవే స్వరాలు, ఎక్కడో కొండ అవతల నుంచి బదులొచ్చినట్టు వినిపిస్తాయి. రెండువైపులా కట్టడం అరుదు. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి పోయినప్పుడు చాలా గోపురాల్లో అలా మోగించారు, పెద్ద గంటకు మాత్రం ఒకవైపు వదిలేసి. ఉన్నట్టుండి అందరికీ కావాల్సి రావడంతో తోలుబిళ్లలకు కరువొచ్చింది. రెండువైపులా కట్టిన మోత గంభీరమే, కాదనను. కానీ నా మనసు ఒకవైపు కట్టినదానికే. పక్కన నిండు మోత ఉంటేనే, ఏం తగ్గిందో చెవికి తెలుస్తుంది.

తాళ్లు లాగే గదిలో ఉన్న మాకు ఇది సగమే వినిపిస్తుంది. ఆ నవంబరు ఆదివారం మీరు ఇటు వస్తే చర్చి లోపలికి వెళ్లకండి. ప్రహరీ దాటి వీధి చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి వినండి.