పిడి పట్టులోని సంయమనం

విమానం నడపడమంటే పిడిని బలంగా లాగడమో తోయడమో కాదు. అవసరమైనంత మేరకే కదిలించి, విమానం స్పందించేదాకా ఆగడం. కంప్యూటర్ తెరపై విమానయానాన్ని అనుకరించే ఫ్లైట్ సిమ్యులేటర్ నేర్పవలసింది కూడా ఈ సంయమనమే కనుక, జాయ్‌స్టిక్‌ను దానిపై ఉన్న బటన్ల సంఖ్యను బట్టి కాక, చేతి సూక్ష్మమైన కదలికను అది ఎంత నమ్మకంగా గ్రహిస్తుందన్న దాన్నిబట్టి ఎంచుకోవాలి.

అంతకుముందు ఏ విమానం నడపదలచుకున్నారో తేల్చుకోవాలి. కోదాడ, హుజూర్‌నగర్‌ల నుంచి శాసనసభకు ఎన్నికైన ఉత్తమ్‌కుమార్ రెడ్డి రాజకీయాల్లోకి రాకముందు భారత వైమానిక దళంలో నడిపిన మిగ్-21, మిగ్-23 యుద్ధవిమానాల్లో పైలట్ మోకాళ్ల నడుమ నిలువు పిడి ఉంటుంది. సెస్నా 172 వంటి చిన్న విమానంలో సాధారణంగా ఉండేది యోక్, అంటే స్టీరింగ్‌ను పోలిన పట్టు. 1988లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ320లో పిడి సీటు పక్కకు చేరింది. ఎడమ సీటులోని కెప్టెన్ దాన్ని ఎడమ చేత్తోనే పడతాడు కనుక, ఆ విమానాన్ని అభ్యసించేవారికి ఏ చేతికైనా అమరే పిడి మేలు.

తరువాత చూడవలసింది సెన్సర్. చవక పరికరాల్లో తరచుగా కనిపించే పొటెన్షియోమీటర్‌లో ఒక లోహపు స్పర్శిక విద్యుత్ నిరోధక పట్టీపై రాసుకుంటూ జరుగుతుంది. రాపిడికి, దుమ్ముకు పట్టీ అరిగితే, చేయి వదిలినా విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. దీన్ని కప్పిపుచ్చడానికి మధ్యభాగంలోని కదలికను లెక్కచేయని డెడ్‌జోన్‌ను పెంచుతారు. కానీ నేర్వవలసిన సూక్ష్మత ఆ మధ్యభాగంలోనే ఉంటుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న సూత్రంపై పనిచేసే హాల్ ఎఫెక్ట్ సెన్సర్ అయస్కాంత క్షేత్రంలోని మార్పును తాకకుండానే కొలుస్తుంది కనుక దానిలో ఆ రాపిడి లేదు. ఎండాకాలం దుమ్ము ఇంట్లోకీ చేరే ఊళ్లలో కొంత ఎక్కువ ధర పెట్టయినా దీన్ని కొనడం వివేకం.

అసలు విమానంలో కాళ్లతో తొక్కే రడ్డర్ పెడళ్ల పనిని ఇంట్లో పిడిని మెలితిప్పి చేయవచ్చు. ఇది రాజీయే అయినా ఆరంభానికి చాలు. పిడి అడుగుభాగం మాత్రం బల్లపై కదలకుండా నిలవాలి. ఎత్తు మారనీయకుండా, నిదానంగా, ఒక పూర్తి వలయం తిప్పగలిగేలా చేతికి సహకరించే జాయ్‌స్టిక్కే మంచి జాయ్‌స్టిక్. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీని కలగనే విద్యార్థి చేతికి తొలి పాఠం ఆ వలయమే.