లెక్కకెక్కని తలుపులు

అంటరానితనం పోయిందనేవాళ్లు పోలీస్‌స్టేషన్ లెక్కలు చూపిస్తారు. ఆ లెక్కల్లో ఏది చేరుతుంది, ఏది చేరదు అన్నదే మా ప్రశ్న.

1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ హోటలు, కొలువు, నివాసం మూడింటినీ ఒకే వరసలో పెట్టింది. ఫిర్యాదులు మాత్రం ఒకే తీరుగా రావు. హోటల్లో వేరే గ్లాసు పెడితే కంటికి కనబడుతుంది, చూసిన సాక్షులుంటారు. భైంసా లాంటి పత్తి మార్కెట్ పట్నంలో కిరాయికి ఇల్లడిగితే ముందు పేరు, తర్వాత ఊరు, ఆఖరుకు "మీరేమోళ్లు?" అంటారు. వెంటనే "ఇల్లు నిన్ననే ఇచ్చినం" అంటారు. దుకాణంలో పని అడిగితే "మళ్ల కబురు జేస్తం" అంటారు. తిట్టు లేదు, సాక్షి లేడు. ఇగ కేసెట్ల?

అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం, షెడ్యూల్డు కులాల వ్యక్తి పట్ల ఈ నేరం జరిగితే, కాదని రుజువయ్యేదాకా అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. అయితే నిరాకరించారని ముందు మనమే చూపాలి.

కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తురు చూసి మన ఉద్యమం కదిలింది. నెత్తురు కారని ఈ గాయాన్ని మన సంఘాలూ పెద్దగా పట్టించుకోలేదు. ఇల్లు ఏ రోజు అడిగినం, ఏం జవాబొచ్చింది, ఆ తర్వాత ఎవరికిచ్చారు - ఈ మూడూ రాసిపెట్టే పుస్తకం ప్రతి వాడలో ఉండాలె.