ఇసుకలో ఓనమాలు, నోట ఎక్కాలు

వీధిబడి చదువుకు పనిముట్లు నాలుగే: పిల్లవాడి నోరు, చెవి, చూపుడువేలు, పక్కన కూర్చున్న పెద్ద పిల్లవాడు. పుస్తకం ఎప్పుడో తర్వాత వచ్చేది. పంతులుగారి ఇంటి అరుగో, గుడి మండపమో, ఊరి చావడో బడి అయ్యేది. నిజాం ఏలుబడిలో సర్కారు మదరసాలకు వేరుగా నడిచిన ఇలాంటివాటిని తెలంగాణలో ఖాన్గీ బడులన్నారు. వట్టి బట్టీ చదువని ఇప్పుడు తీసిపారేసేవాళ్లే ఎక్కువ. ఆ మాట అనేవాళ్లలో ఎంతమంది ఒక గుణింతాన్ని విడదీసి చూశారో అనుమానమే.

ఈ పద్ధతిని గుర్తు చేసుకోవడానికి కందకుర్తి తగిన చోటు. నిజామాబాదు జిల్లా బోధన్‌కు ఉత్తరాన, గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం అది. స్కందుడి గుడిని బట్టి స్కందపురి అనేవారని ఊళ్లో చెప్పుకుంటారు. ఆరెస్సెస్ స్థాపకుడు కేశవ్ బలిరాం హెడ్గేవార్ పూర్వీకులు ఇక్కడివాళ్లే. వేదం చదువుకున్న ఆ కుటుంబం తర్వాత నాగపూర్ చేరింది. ఏటి అవతలిది మహారాష్ట్ర, కాబట్టి తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఈ చుట్టుపక్కల పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. నది ఇంకాస్త దిగువకు వెళ్తే బాసర. తెలుగునాట పిల్లల అక్షరాభ్యాసానికి దానిని మించిన పేరున్న క్షేత్రం లేదు. అంటే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టిన కొద్ది దూరంలోనే ఒక ఒడ్డున వేదం వల్లె వేసినవాళ్ల ఊరు, ఇంకో ఒడ్డున ఓనమాల గుడి.

చదువు వేలితో మొదలవుతుంది. పళ్లెంలో బియ్యం పోసి, పంతులు పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని మొదటి అక్షరం రాయిస్తాడు. మర్నాటి నుంచి ఇసుక. నేల మీద సన్నని ఇసుక పలచగా పరిచి, చదును చేసి, పంతులు పెద్ద అక్షరం గీస్తాడు. పిల్లవాడు ఆ గీత మీదే వేలు పెట్టి దిద్దుతాడు, ఒకసారి కాదు, గీత లోతుగా దిగేదాకా. ఇందులో ఉన్న పనితనం గమనించదగ్గది. అక్షరం జానెడు ఉంటుంది కాబట్టి కదిలేది వేలి కొస ఒక్కటే కాదు, మణికట్టు, మోచేయి కూడా. తెలుగు లిపి వంపుల లిపి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి, ఎక్కడ వేలు ఎత్తాలి అన్నది కంటికన్నా ముందు చేతికి తెలియాలి. వేలికి ఇసుక తగిలే గరుకే ఆ సంగతి చెబుతుంది. తప్పు రాస్తే అరచేత్తో ఒక్క తుడుపు, అంతే. ఎర్ర సిరా గీత లేదు, ఇంటికి పట్టుకెళ్లి చూపించాల్సిన తప్పు లేదు. పైసా ఖర్చు లేదు. ఇసుకలో చెయ్యి కుదిరాకే పలక, బలపం. ఇంకా పాత రోజుల్లో తాటాకు, గంటం.

అక్షరాలు వచ్చాక గుణింతం. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు, కొమ్ముదీర్ఘమిస్తే కూ. వినడానికి పాటలా ఉంటుంది గానీ నిజానికి ఇది వ్యాకరణ సూత్రం. ప్రతి ముక్కలోనూ మూడు పనులు జరిగిపోతాయి: మూల అక్షరం పేరు, చేర్చే గుర్తు పేరు, చేర్చాక పుట్టే ధ్వని. ఒక్క కకారానికి ఈ వరస పట్టుబడితే తక్కిన హల్లులన్నిటికీ అదే తాళంచెవి. వందల రూపాలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిన బరువు పోయి, డజనుకు పైబడిన గుర్తులతో పని తేలిపోతుంది. దీన్ని బట్టీ అనడం అన్యాయం. బట్టీ అంటే అర్థంకాని దాన్ని మింగడం. గుణింతం చెప్పే పిల్లవాడు ఒక నియమాన్ని నోటితో నడిపిస్తున్నాడు.

లెక్కల దగ్గర వీధిబడి పంతుళ్ల ప్రతిభ ఇంకా పైస్థాయిది. ఇరవై ఎక్కాలు అందరికీ తెలిసినవే. ఇప్పుడు మరుగునపడ్డవి భిన్నాల ఎక్కాలు: కాలు, అర, ముక్కాలు, వాటికింద పరక, వీసం. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు. రూపాయికి పదహారణాల కాలంలో అంగడి అంతా ఈ వంతుల్లోనే నడిచేది. బెల్లం సేరు ఏడణాలు, కొనేది మూడుంబావు సేర్లు అనుకుంటే, ఆనాటి పదేళ్ల కుర్రవాడు కాగితం అడగడు. మూడేళ్లు ఇరవై ఒకటి, పావు ఏడు ఒకటి ముప్పావు, మొత్తం ఇరవై రెండు ముప్పావు అణాలు, అంటే రూపాయి మీద ఆరు ముప్పావు. దుకాణదారు బెల్లం కట్టే లోపల లెక్క తేలిపోతుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, వెనకే కిలోలు వచ్చాయి, ముక్కాలెక్కం అక్కర తీరింది. నాణెం మారితే ఎక్కం పోవచ్చు. కానీ దాంతోపాటు మనసులో భిన్నాన్ని ముక్కలు చేసి కలిపే అలవాటు కూడా పోయింది. హైస్కూలు పిల్లవాడు ఏడులో పావెంతో చెప్పడానికి ఫోను తీస్తున్నాడు.

నోటి చదువుకు శిఖరం వేదపాఠం. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి, దాన్ని సంత చెప్పడమంటారు. తర్వాత వల్లె. మంత్రం వచ్చిందన్నాక పదాలు విడగొట్టి పదపాఠం, జంటలుగా కలిపి క్రమం, తిప్పి అల్లితే జట, చివరికి ఘన. ఘనలో మొదటి మూడు పదాల నడక ఇది: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు. ఆ తర్వాత రెండో పదం నుంచి ఇదే తంతు. ముందుకీ వెనక్కీ ఇన్నిసార్లు తిరిగిన పాఠంలో ఒక్క మాట జారినా, ఒక్క స్వరం తప్పినా తక్షణం దొరికిపోతుంది. రాత సాయం లేకుండా వేల ఏళ్లు తప్పు దొర్లకుండా నిలబెట్టిన కట్టుదిట్టం ఇది. ఘనాపాఠి అన్న మాటకు ఉన్న గౌరవం ఊరికే రాలేదు. యునెస్కో ఈ పఠన సంప్రదాయాన్ని 2003లో గుర్తించిందంటే మనవాళ్లు గర్వపడతారు. గుర్తించకపోయినా దాని విలువ తగ్గేది కాదు.

ఇక నాలుగో పనిముట్టు, పెద్ద పిల్లవాడు. ఒకే అరుగు మీద ఓనమాల వాడూ, అమరకోశం వాడూ ఉంటారు. పంతులు పైవాళ్లకు పాఠం చెబుతాడు, పైవాళ్లు కిందివాళ్ల చేత దిద్దిస్తారు, అప్పజెప్పించుకుంటారు. దీనికి గట్టి సాక్ష్యం బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు, అందులో తెలుగువి 226. ఐదో ఏట బడిలో వేయడం, ఇసుకలో రాత, పెద్ద పిల్లల చేత చెప్పించడం అన్నీ ఆయన నమోదు చేశాడు. ఒక ముచ్చట అయితే కళ్లకు కట్టినట్టుంటుంది: పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, మెప్పూ లేదు తిట్టూ లేదని. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరసగా పెరుగుతూ పోవడమే.

ఒకడికి నేర్పుతూ తన చదువు గట్టి చేసుకునే ఈ ఏర్పాటు మెచ్చదగ్గదనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేననీ ఆ దొరే ఒప్పుకున్నాడు. అనుకరించిన కథ ఇది: మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చి, జోసెఫ్ లాంకాస్టర్ నడిపిన ఇలాంటి బడులతో కలిసి దేశదేశాలు తిరిగింది. అరుగు మీది పంతులు పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవి కావు. కాంప్‌బెల్ లెక్కలో 6,641 మంది పిల్లలుంటే ఆడపిల్లలు 60. అంటరానివారన్నవాళ్లకు అరుగు ఎక్కే హక్కే లేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారులో బడి పెట్టాల్సి వచ్చింది అందుకే. బెత్తం, గోడకుర్చీ, కోదండం పేర్లు వింటే ఇప్పటికీ పాతవాళ్లకు వెన్ను జలదరిస్తుంది. అర్థం చెప్పకుండా కావ్యభాషలో పద్యాలు నేర్పుతున్నారని కూడా ఆ కలెక్టర్ ఆక్షేపించాడు. ఈ చివరి మాటలో సగమే నిజం. సుమతీ శతకంలో కంద పద్యం నోటికొచ్చిన పిల్లవాడికి అర్థం పదేళ్ల తర్వాత తెలిసినా తెలుగు నడక ఆనాడే వచ్చేస్తుంది.

అచ్చు వచ్చాక ఈ చదువుకు పుస్తకం అమరింది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష, పెరిగి పెద్దబాలశిక్షయి ఇంటింటా చేరింది. తెలంగాణలో కథ వేరు. నిజాం సర్కారు పైచదువు ఉర్దూలో సాగేది. 1920ల్లో ప్రైవేటు బడి పెట్టాలంటే అనుమతి తప్పనిసరి అయింది, తెలుగు చెప్పే ఖాన్గీ బడులు దెబ్బతిన్నాయి. 1926లో మొదలైన గోలకొండ పత్రిక, గ్రంథాలయోద్యమం ఆ లోటు కొంత పూడ్చాయి. ఇందూరు (నిజామాబాదు) ఖిల్లా జైల్లో కాగితం దొరక్క కవి దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు, పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఇసుక కాకపోతే గోడ, బలపం కాకపోతే బొగ్గు.

పిల్లవాడి నోటి భాషతో చదువు మొదలుపెట్టాలన్న మాటను చేసి చూపినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగు తెలిసిన ఒక సవర గిరిజనుణ్ని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చాడు. వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నాడని చెబుతారు. మాతృభాషా బోధన మీద ఇప్పుడు జరిగే సెమినార్లన్నీ కలిపినా ఈ ఒక్క మనిషి పనికి సరితూగవు.

వీధిబడి లోగుట్టును మన కాలంలో చక్కగా పట్టుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. 1980ల చివర్లో రామ, పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడులకోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. గోడ మీద నిచ్చెన బొమ్మలో ఎవరి మెట్టు ఎక్కడో వాళ్లే చూసుకుని, తమ కార్డు తీసుకుని కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా చెబుతుంది, ఒక గుంపుకు కొంత సాయం, ఒక గుంపు తోటిపిల్లల దగ్గర నేర్చుకుంటుంది, ఒక గుంపు సొంతంగా. ఎవరి వేగం వారిది. కర్ణాటక నలికలి, తమిళనాడులో 2003 నుంచి సాగిన కార్యాచరణ బోధన దీని సంతానమే. అదే అరుగు, బెత్తం మాత్రం లేదు, ఆడపిల్లలు ఉన్నారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కూడా తరగతి అంకెను కాకుండా పిల్లవాడి మెట్టును చూడమంటోంది. మంచిదే, ఫారాలు నింపడంలో టీచరు పొద్దు గడిచిపోకుండా ఉంటే.

ఒళ్లు మండేది నకిలీలను చూస్తే. బాసరలో టిక్కెట్టు కొని బియ్యంలో ఓం రాయించిన తల్లిదండ్రులే మరుసటి జూన్‌లో పిల్లను ఏ ఫర్ ఆపిల్ నర్సరీలో వేస్తారు. అక్కడ యాక్టివిటీ పేరుతో రంగు ప్లాస్టిక్ అక్షరాలు, చుక్కలు కలిపే దిద్దు పుస్తకం. జానెడు ఇసుక అక్షరం వేలెడు గడిలోకి కుదించుకుపోయింది. మూడేళ్ల వేళ్లకు పెన్సిలు. స్మార్ట్ బోర్డులో గుణింతం దానంతటదే పాడుకుంటుంది, పిల్లల నోళ్లు మూసే ఉంటాయి. పక్కవాడికి చెబితే మాట్లాడుతున్నావని శిక్ష. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ అర్థంకాని సూత్రాలు మింగించి, వీధిబడిది బట్టీ అని ఎగతాళి చేసేదీ ఈ బడులే. బట్టీ ఎక్కడుందో చూసేవాళ్లకు తెలుస్తుంది. దీనికి వేల రూపాయల ఫీజు, పైగా వినూత్న బోధన అని ఫ్లెక్సీలు.

బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో ముక్కాలెక్కం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలి ఉంటారు, అందరూ ఎనభై దాటినవాళ్లే. నిజామాబాదు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ విద్యార్థులు ప్రాజెక్టు పేరిట నెట్‌లోంచి కాగితాలు దించే బదులు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. కాగితం మీద ఎక్కించుకుంటే చాలదు, గొంతు రికార్డు చేయాలి. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ సాగదీస్తారు, చెప్పేవాడు ఎక్కడ వదిలితే పిల్లలు అందుకుంటారు అన్నది రాతలో దొరకదు, అసలు పద్ధతంతా అందులోనే ఉంది. కందకుర్తి సర్కారు బడిలో ఒకటో తరగతికి రెండు తట్టల ఇసుక కావాలంటే ఏ ప్రతిపాదనా, ఏ నిధులూ అక్కర్లేదు. ఊరి ముందే గోదావరి.