స్క్రూలు బాగానే ఉన్నాయట

వెన్నుకు ఆపరేషన్ అయి, నొప్పి మాత్రం పోనివాళ్ళు ఫిజియోథెరపీకి వస్తే కుర్చీలో కూర్చునే లోపే ఎమ్మారై ఫిల్ములు బల్లమీద పరిచేస్తారు. నేను వాటిని పక్కన పెట్టి ముందు వాళ్ళు చెప్పేది వింటాను. కొందరికి ఇది నచ్చదు. వేలు పోసి తీయించుకున్న ఫిల్ము చూడకుండా ఈవిడేం వైద్యం చేస్తుందన్నట్టు చూస్తారు. ఫిల్ము అక్కర్లేదని కాదు. ముందు అది చూశానంటే, అందులో ఏది కనిపిస్తే దానికే నొప్పిని అంటగట్టేస్తానని నా భయం.

1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బే ఉంది. అన్ని డిస్కులూ నిక్షేపంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. ఆపరేషన్ అయిన వెన్నులో ఇంకా తికమక. లోపల గాయం మానిన మచ్చ కూడా నరం పక్కనే కనిపిస్తుంది. అది మచ్చా, మళ్ళీ జారిన డిస్కు ముక్కా తేల్చడానికి రక్తనాళంలోకి మందు ఎక్కించి స్కాన్ తీయాల్సి వస్తుంది.

అందుకే ముందు అడుగుతాను: నొప్పి నడుంలోనా, కాల్లోనా? పాతదేనా, కొత్తదా? మధ్యలో కొన్నాళ్ళయినా హాయిగా ఉన్నారా? ఒక్కరోజూ తగ్గలేదంటే నరం మీద ఒత్తిడి ఇంకా మిగిలి ఉండొచ్చు, లేదా అసలు నొప్పి తుంటి కీలులో పుట్టి ఉండొచ్చు. కొన్ని నెలలు బాగుండి ఉన్నట్టుండి కాలు లాగితే డిస్కు మళ్ళీ జారిందేమో చూడాలి.

డిస్కు జారి నరాన్ని నొక్కితే కాలి నొప్పి వస్తుందని, ఆ ముక్క తీసేస్తే తగ్గుతుందని 1934లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు బోస్టన్ సర్జన్లు చూపించారు. ఈ ఆపరేషన్‌కు పేరొచ్చింది కాలి నొప్పితోనే. నడుం నొప్పి విషయంలో అంత గట్టి హామీ ఎవరూ ఇవ్వలేరు. ఈ ముక్క ఇంట్లోవాళ్ళను కూడా కూర్చోబెట్టి ముందే చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు, కాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకుంటారు.

మొన్నామధ్య తెనాలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. కిరాణా కొట్టు చూసుకుంటుంది. నడుంలో ఎల్4-ఎల్5 పూసల దగ్గర స్క్రూలు, రాడ్లు వేసి బిగించారు. కాలి నొప్పి పోయింది. కొన్ని నెలలకు, కూర్చుంటే లేవలేని కొత్త నొప్పి మొదలైంది. "స్క్రూలు బాగానే ఉన్నాయట మేడమ్. మరి నాకెందుకిట్లా? మావాళ్ళేమో అంతా మనసులోనే ఉందంటున్నారు," అంది.

ఎక్కడమ్మా అంటే అరచెయ్యి ఆనించలేదు, ఒక్క వేలే పెట్టింది. నడుం కింద ఇరువైపులా చిన్న సొట్ట పడుతుందే, కుడివైపు దానికి కాస్త కిందగా, లోపలికి. మాటల్లో పెట్టి కాసేపటికి మళ్ళీ అడిగితే వేలు అక్కడికే వెళ్ళింది. వెన్నెముక కింది భాగం కటి ఎముకను కలిసే కీలు అది, సాక్రోఇలియాక్ జాయింట్. పైన ఎముకల్ని కదలకుండా బిగిస్తే ఆ కదలిక భారం చాలాసార్లు ఈ కీలు మీదకి దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తొడను నిలువుగా లేపి, మోకాలి మీదుగా కిందికి ఒత్తాను. "ఇదే, ఇదే నొప్పి!" అంది. ఒక్క పరీక్షతో తేల్చకూడదు కానీ తర్వాత చేసినవీ అటే చూపించాయి. పెయిన్ డాక్టరు ఆ కీలులోకి మత్తుమందు సూది వేస్తే ఆ పూటకి నొప్పి బాగా తగ్గింది. మనసులో ఉన్న నొప్పయితే కాదు.

అందరికీ ఇలా వేలు పెట్టి చూపించే చోటు దొరకదు. ఏళ్ళ తరబడి నలిగిన నరం కొందరిలో ఒత్తిడి తీసేశాక కూడా ఊరుకోదు. ఉత్సవం అయిపోయినా గుడి మైకు సౌండు తగ్గించడం మర్చిపోయినట్టు, చీర అంచు తగిలినా కాలు భగ్గుమంటుంది. వెన్నుపాములోనే ఇలాంటి మార్పు వస్తుందని 1983లో క్లిఫర్డ్ ఉల్ఫ్ చూపించాడు. ఈ నొప్పికి మామూలు నొప్పి బిళ్ళలు అంతగా పనిచెయ్యవు. ప్రీగాబలిన్, డ్యులాక్సిటిన్ లాంటివి రాస్తారు. డ్యులాక్సిటిన్ డిప్రెషన్‌కి కూడా వాడతారు కదా, మందుల షాపులో ఎవరో ఆ మాట అనగానే మనవాళ్ళు చిన్నబుచ్చుకుని మానేస్తారు. ఈ మందుల్ని అలా టక్కున ఆపకూడదు.

ఇక నా వంతు వైద్యం చాలావరకు కుర్చీతోనే. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకని చెప్పిన "వంగొద్దు, బరువెత్తొద్దు" కొందరికి జీవితాంతపు నియమమైపోతుంది. బెల్టు విప్పరు. ఊపిరి బిగబట్టి, మోకాలిని చేత్తో నొక్కి లేస్తారు. పాదాలు వెనక్కి తీసుకుని, ఒళ్ళు ముందుకు వంచి, ఊపిరి వదులుతూ లేవమంటాను. వంగడానికే భయపడతారు, అసలు పని అక్కడుంది. నడక మాత్రం నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి. నొప్పి పెరిగిన రోజు కంటే బాగున్న రోజంటేనే నాకు దిగులు. ఆ రోజే ఇల్లంతా కడిగేసి మర్నాడు మంచమెక్కుతారు.

ఇవన్నీ అయినా కాలి నొప్పి లొంగకపోతే వెన్నుపాము దగ్గర సన్నని తీగ పెట్టి కరెంటుతో నొప్పిని తగ్గించే పరికరం ఉంది. దీన్ని మొదట 1967లో నార్మన్ షీలీ అమర్చాడు. కొన్నాళ్ళు ప్రయోగంగా పెట్టి, పనిచేస్తేనే లోపల అమరుస్తారు. ఖర్చు మాత్రం లక్షల్లో.

చాలామంది చివర్లో అడిగేది, మళ్ళీ ఆపరేషన్ చేయించుకోమంటారా అని. డిస్కు మళ్ళీ జారిందనో, స్క్రూ వదులైందనో తేలి, అది వాళ్ళు చెప్పే నొప్పికి సరిపోతే సర్జన్‌తో మాట్లాడమంటాను. నొప్పి ఉంది కాబట్టి మళ్ళీ తెరిచి చూద్దామంటే మాత్రం వద్దంటాను. ఎన్నిసార్లు తెరిస్తే ఫలితం అంత తగ్గుతూ పోతుంది. కానీ మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం ఈడ్చుకుపోతున్నా, జ్వరంతో పాటు కుట్ల దగ్గర చీము పట్టినా వ్యాయామాల మాటే ఎత్తను. సర్జన్‌కు ఫోన్ చేసి ఆ పూటే పంపించేస్తాను.